మూడు విగ్రహాలు, ఒక ప్రశ్న: కాలేజీ క్వార్టర్‌బ్యాక్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నెగ్గుకురాగలడా?

1. గేన్స్‌విల్ నాన్న · శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో చేరి రెండేళ్లు కావస్తోంది. పోయిన వారం తనను చూడటానికి వెళ్లాం. సాయంత్రం ఇద్దరం నడుచుకుంటూ అమెరికన్ ఫుట్‌బాల్ స్టేడియం దాకా వెళ్లాం. 88 వేల మందికి పైగా పట్టే స్టేడియం అది. దాని బయట మూడు కంచు విగ్రహాలు ఉన్నాయి: స్టీవ్ స్పరియర్, డానీ వర్ఫుల్, టిమ్ టీబో. ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లే, అంటే జట్టు దాడిని నడిపిస్తూ పాస్‌లు వేసేవాళ్లు. కాలేజీ ఆటలో అన్నిటికన్నా పెద్ద గౌరవమైన హైస్మన్ ట్రోఫీని 1966లో ఒకరు, 1996లో ఒకరు, 2007లో ఒకరు అందుకున్నారు. పొద్దు వాలుతున్నా కంచు ఇంకా వేడిగానే ఉంది. ఒక తండ్రి తన నాలుగేళ్ల కొడుకును టీబో విగ్రహం పక్కన నిలబెట్టి ఫొటో తీస్తున్నాడు.

అప్పుడు మా అమ్మాయి అంది, "నాన్నా, ఈ ముగ్గురిలో ఒక్కరు కూడా ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలబడలేదు, తెలుసా?" ఎన్‌ఎఫ్‌ఎల్ అంటే ఇక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగ్. నాకు తెలియదు. ఆ రాత్రి నిద్ర పట్టక ముగ్గురి గురించీ చదివాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. వీళ్లు ఇంట గెలిచిన తీరుకు విగ్రహాలే పెట్టారు. మరి రచ్చ ఎందుకు గెలవలేకపోయారు? కాలేజీలో అంత గొప్పగా ఆడిన కుర్రవాడు వృత్తి ఆటలో రాణిస్తాడో లేదో ముందే తెలిపే గుర్తు ఏదైనా ఉందా? ఆట బాగా తెలిసినవాళ్లు చెప్పండి. అమెరికా వచ్చి చాలా కాలమైనా ఈ ఆటను మనసు పెట్టి చూడటం అమ్మాయి అక్కడ చేరాకే మొదలుపెట్టాను.

2. లెక్కల మనిషి · శనివారం, రాత్రి 10:25

మీ అమ్మాయి చెప్పింది నిజమే. అయితే ముగ్గురూ మూడు వేర్వేరు కారణాలతో ఆగిపోయారు.

స్పరియర్ 1966లో ఆబర్న్ మీద ఆట చివర్లో 40 గజాల ఫీల్డ్ గోల్ (గోల్ స్తంభాల మధ్య నుంచి బంతిని తన్నడం) స్వయంగా తన్ని 30-27తో గెలిపించాడు. క్వార్టర్‌బ్యాక్ తనే, తన్నేదీ తనే! 1967 డ్రాఫ్ట్‌లో, అంటే వృత్తి జట్లు కాలేజీ ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునేటప్పుడు, శాన్ ఫ్రాన్సిస్కో అతన్ని మూడో స్థానంలో తీసుకుంది. అక్కడ తొమ్మిదేళ్లు ఉన్నాడు. అందులో ఎక్కువ కాలం ప్రధాన క్వార్టర్‌బ్యాక్ జాన్ బ్రోడీ వెనక కూర్చోవడానికి, బంతిని కాలితో తన్నే పంటర్ పనికి సరిపోయింది. 1976లో కొత్తగా పుట్టిన టాంపా బే జట్టుకు వెళ్లాడు. ఆ ఏడాది ఆ జట్టు ఆడిన 14 ఆటల్లో 14 ఓడింది.

వర్ఫుల్ కథ ఇంకోలా ఉంటుంది. 1996లో 39 టచ్‌డౌన్ పాస్‌లు (బంతిని అవతలి చివరి గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) వేసి, జాతీయ టైటిల్ ఆటలో ఫ్లోరిడా స్టేట్‌ను 52-20తో చిత్తు చేసిన జట్టుకు నాయకుడు. అప్పటి కోచ్ ఎవరనుకున్నారు? పక్క విగ్రహం, స్పరియరే. అయినా 1997 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్ దాకా వర్ఫుల్‌ను ఎవరూ అడగలేదు. చేతిలో బలం చాలదని అందరికీ తెలుసు. న్యూ ఆర్లీన్స్, గ్రీన్ బే, షికాగో తిరిగాడు. చివరికి 2002లో వాషింగ్టన్ కోచ్‌గా వచ్చిన స్పరియర్ తన పాత శిష్యుణ్ణి మళ్లీ పిలిపించుకున్నాడు. కాలేజీలో దేశాన్ని ఊపేసిన గురుశిష్యుల జంట అది. అదే గురువు, అదే శిష్యుడు, ఆ ఏడాది జట్టు 7 గెలిచి 9 ఓడింది. కాలేజీలో పారిన పాచిక ఇక్కడ పారలేదు.

టీబో గురించి కొలరాడో మిత్రులు రాస్తేనే బాగుంటుంది.

3. కొలరాడో కొండలు · శనివారం, రాత్రి 11:10

పిలిచారు కాబట్టి వచ్చాను. 2011లో మేము డెన్వర్ శివార్లలో ఉండేవాళ్లం. ఆ ఏడాది శరదృతువును మర్చిపోలేను.

జట్టు 1 గెలిచి 4 ఓడినప్పుడు టీబోకు పగ్గాలు ఇచ్చారు. మొదటి ఆట మయామీలో. 15-0తో వెనకబడి ఉన్నాం, మూడు నిమిషాలు కూడా లేవు. మా ఆవిడ టీవీ కట్టేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. పక్కింటి అరుపులు విని మళ్లీ పెట్టాం. 18-15తో గెలిచాం, అదనపు సమయంలో. తర్వాత డెట్రాయిట్ చేతిలో ఘోరంగా ఓడినా, ఆపైన వరసగా ఆరు ఆటలు గెలిచారు. కాన్సస్ సిటీ మీద అతను 8 పాస్‌లు వేస్తే 2 మాత్రమే చేరాయి. అయినా 17-10తో గెలిచాం. న్యూయార్క్ జెట్స్ మీద మూడున్నర గంటలు చలిలో ముడుచుకుని చూశాక, చివరి నిమిషంలో 20 గజాలు తనే పరిగెత్తి టచ్‌డౌన్ చేశాడు.

ఆ తర్వాత 2012 జనవరి 8. ప్లేఆఫ్‌లో పిట్స్‌బర్గ్. అదనపు సమయంలో మొట్టమొదటి ప్లేకే, అంటే బంతి మొదటిసారి కదిలినప్పుడే, పాస్ అందుకునే రిసీవర్ డెమేరియస్ థామస్‌కు పాస్ వేశాడు. 80 గజాలు. కథ ముగిసింది, 29-23. ఆ అరుపులకు మా అబ్బాయి, అప్పుడు వాడికి ఏడాదిన్నర, ఉలిక్కిపడి లేచి ఏడ్చాడు. వాణ్ణి భుజాన వేసుకుని నేను కూడా ఏడ్చాను.

రెండు నెలలకే డెన్వర్ పేరున్న క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్‌ను తెచ్చుకుని టీబోను న్యూయార్క్‌కు పంపేసింది. ప్లేఆఫ్ గెలిచిన క్వార్టర్‌బ్యాక్‌ను! ఆ తర్వాత ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అతను ఏ సీజన్‌కూ ఏ జట్టుకూ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ కాలేదు. గెలిచినవాణ్ణి "నిలబడలేదు" అనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

4. ఉప్పల్ ప్రేక్షకురాలు · ఆదివారం, ఉదయం 6:05

నేను హైదరాబాద్ నుంచి. సోమవారం తెల్లవారుజామున లేచి ఎన్‌ఎఫ్‌ఎల్ చూసే అలవాటు మూడేళ్లుగా ఉంది. ఒక సందేహం. మైదానం అదే, 11 మంది చొప్పున అదే లెక్క. మరి కాలేజీ ఆటకూ వృత్తి ఆటకూ అంత తేడా ఎక్కడ వస్తోంది? అవతలివాళ్లు ఇంకా వేగంగా, ఇంకా బలంగా ఉంటారన్నది ఒక్కటేనా?

5. సైడ్‌లైన్ · ఆదివారం, ఉదయం 9:30

ఉప్పల్ ప్రేక్షకురాలు గారు, చాలా మంచి ప్రశ్న. ఓహాయోలో మా ఊరి హైస్కూల్ జట్టుకు శుక్రవారం రాత్రుల్లో గజాలు కొలిచే గొలుసు పట్టుకునే పని ఎనిమిదేళ్లు చేశాను. గీత అంచున నిలబడి చూస్తే టీవీలో కనబడనివి కొన్ని కనబడతాయి.

వేగం, బలం సరే. అంతకన్నా ముందు మైదానం మీద గీతలు చూడండి. మధ్యలో రెండు వరసల్లో చిన్న చిన్న అడ్డగీతలు ఉంటాయి. బంతి ఎక్కడ ఆగినా, తర్వాతి ప్లే ఆ రెండు వరసల మధ్యనే మొదలవ్వాలి. కాలేజీలో ఆ వరసల మధ్య దూరం 40 అడుగులు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పద్దెనిమిదిన్నర అడుగులే. మైదానం వెడల్పు రెండుచోట్లా 160 అడుగులు. అంటే కాలేజీలో బంతి ఒక వరస మీద ఉంటే ఒకవైపు 60 అడుగులు, రెండోవైపు 100 అడుగుల ఖాళీ. ఆ 100 అడుగుల వైపు ముగ్గురు రిసీవర్లను పరిస్తే డిఫెన్స్ సాగి సాగి చిరిగిపోతుంది. ఎవరో ఒకరు ఒంటరిగా దొరుకుతారు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బంతి దాదాపు ఎప్పుడూ నడిమధ్యనే. అంత ఖాళీ ఏ వైపూ దొరకదు.

రెండోది, ముందువరస బరువైన ఆటగాళ్లు. పాస్ వేసే ప్లేలో వాళ్లు కాలేజీలో 3 గజాలు ముందుకు పోవచ్చు, ఎన్‌ఎఫ్‌ఎల్‌లో 1 గజమే. దీనివల్ల కాలేజీలో పరుగో పాసో తెలియని ప్లేలు ఎక్కువ చెల్లుతాయి. వాళ్లు పరుగుకు దారి తీస్తున్నట్టు కదిలితే డిఫెన్స్ ముందుకు దూకుతుంది, వెనక ఖాళీలోకి బంతి వేయడమే.

ఇవన్నీ కలిసి కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌కు ఒక అలవాటు నేర్పుతాయి. రిసీవర్ ఖాళీగా కనిపించాక బంతి వదలడం. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కనిపించాక వదిలితే ఆలస్యమైపోయినట్టే. రిసీవర్ ఇంకా వీపు చూపిస్తూ పరిగెడుతున్నప్పుడే, అతను తిరగబోయే చోటికి బంతి బయల్దేరాలి. అదీ రెండున్నర సెకన్లలో, 130 కిలోల మనిషి మీదికి దూకుతుండగా. నా దృష్టిలో గేన్స్‌విల్ నాన్న గారు అడిగిన గుర్తు అదే. ఎన్ని గజాలు, ఎన్ని ట్రోఫీలు అన్నది పక్కన పెట్టి, రిసీవర్ తిరగకముందే వేసిన బంతులు ఎన్ని ఉన్నాయో చూడాలి. కొందరి కాలేజీ వీడియోల్లో అలాంటివి వెతికినా దొరకవు.

6. లెక్కల మనిషి · ఆదివారం, ఉదయం 10:15

సైడ్‌లైన్ గారి మాటకు టీబోనే సాక్ష్యం. 2007లో అతను 32 టచ్‌డౌన్ పాస్‌లు వేసి, పరిగెత్తి ఇంకో 23 చేశాడు. చాలా ప్లేల్లో పాస్ వేయాల్సిన అవసరమే రాలేదు, గుద్దుకుంటూ పోతే చాలు. రెండో ఏడాది విద్యార్థిగా హైస్మన్ అందుకున్న మొదటి ఆటగాడు అతనే. 2011లో డెన్వర్‌లో అతని పాస్‌లు 100కు 46 లేదా 47 మాత్రమే చేరాయి. ఆ రోజుల్లో మంచి క్వార్టర్‌బ్యాక్‌లకు 60 దాటేవి.

ఎడమచేతి వాటం సమస్య కాదు. విసిరే ముందు బంతిని నడుము దాకా కిందికి దించి, అక్కడి నుంచి తిప్పి వేసేవాడు. ఆ కిందికీ పైకీ పోయే క్షణంలో డిఫెండర్ ఒక అడుగు ముందుకు వస్తాడు. 2010 డ్రాఫ్ట్‌కు ముందు ఆ తీరు మార్చుకోవడానికి చాలా కష్టపడ్డాడు, మొదటి రౌండ్‌లో 25వ స్థానంలో డెన్వర్ తీసుకుంది కూడా. కానీ ఒత్తిడి మీద పడ్డప్పుడు పాత చెయ్యే తిరిగి వచ్చింది. మొక్కై వంగనిది మానై వంగునా?

కొలరాడో కొండలు గారు, మీ సంతోషాన్ని తక్కువ చేయడం లేదు. ఆ ఆరు విజయాల్లో డెన్వర్ డిఫెన్స్ ప్రత్యర్థులను ఎన్ని పాయింట్ల దగ్గర ఆపిందో ఒకసారి చూడండి. సీజన్‌లో చివరి మూడు ఆటలూ ఓడి 8-8తో, అంటే 8 గెలుపులు 8 ఓటములతో, ముగించారు. పిట్స్‌బర్గ్ తర్వాతి వారం న్యూ ఇంగ్లండ్ 45-10తో ఇంటికి పంపింది.

7. కొలరాడో కొండలు · ఆదివారం, మధ్యాహ్నం 12:40

లెక్కలు కాదనను. 45-10 కూడా చూశాను, చివరిదాకా కూర్చుని చూశాను. మానింగ్ వచ్చాక మేము రెండు సూపర్ బౌల్‌లు (లీగ్ ఫైనల్స్) ఆడి ఒకటి గెలిచాం, కాబట్టి జట్టు తీసుకున్న నిర్ణయాన్నీ తప్పుపట్టలేను.

నా బాధ ఇంకొకటి. అతనికి ఆట నేర్పే ఓపిక ఎవరు చూపించారు? ఎంపిక చేసుకున్న కోచ్ జాష్ మెక్‌డేనియల్స్‌ను అదే సీజన్ పూర్తి కాకముందే తీసేశారు. 2011లో ఆటగాళ్లకూ యజమానులకూ ఒప్పందం కుదరక సీజన్‌కు ముందు జరగాల్సిన సాధన చాలావరకు రద్దయ్యింది. కొత్త కోచ్‌తో కూర్చుని నేర్చుకోవాల్సిన నెలల్లో స్టేడియం తలుపులే మూసి ఉన్నాయి. మాను వంగదని తేల్చేముందు ఎవరైనా వంచి చూశారా అని అడుగుతున్నాను.

8. బఫెలో మంచు · ఆదివారం, మధ్యాహ్నం 2:05

మాను వంగుతుంది. మా ఊళ్లో వంగింది.

జాష్ అలెన్‌ను 2018లో ఏడో స్థానంలో తీసుకున్నప్పుడు ఇక్కడ సగం ఊరు తల పట్టుకుంది. వయోమింగ్ కాలేజీలో అతని పాస్‌లు 100కు 56 మాత్రమే చేరేవి. అంతకుముందు హైస్కూల్ నుంచి వచ్చినప్పుడు ఏ పెద్ద కాలేజీ పిలవక కాలిఫోర్నియాలో ఒక జూనియర్ కాలేజీలో ఆడాడు. బఫెలోలో మొదటి ఏడాది 52.8 శాతం. బంతి చాలా దూరం వెళ్లేది, చేరాల్సిన మనిషికి చేరేది కాదు. మా ఆఫీసులో ఒక పెద్దాయన ప్రతి సోమవారం కాఫీ దగ్గర నిలబడి "వీడు నేర్చుకోడు" అనేవాడు.

రెండో ఏడాది 58.8. మూడో ఏడాది, 2020లో, 69.2. వేసవుల్లో విసిరే తీరును, పాదాలు పెట్టే తీరును విడదీసి మళ్లీ కట్టుకున్నాడు. ఆ ఏడాదే స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్‌ను జట్టు తెచ్చింది. మూడేళ్లూ అదే హెడ్ కోచ్, అదే అఫెన్స్ కోచ్. 2024 సీజన్‌కు లీగ్‌లో అత్యంత విలువైన ఆటగాడి అవార్డు అతనికే వచ్చింది. ఇప్పుడు ఆ పెద్దాయన టేబుల్ మీద అలెన్ బొమ్మ ఉంది.

కాబట్టి లెక్కల మనిషి గారు, 22 ఏళ్లకు చెయ్యి గట్టిపడిపోతుందని నేను ఒప్పుకోను.

9. లెక్కల మనిషి · ఆదివారం, మధ్యాహ్నం 3:20

అలెన్ విషయంలో మీరన్నది నూటికి నూరుపాళ్లు నిజం. నా భయం ఏమిటంటే, అలెన్‌ను చూశాక ప్రతి జట్టూ "మనకూ ఒక అలెన్ దొరుకుతాడు" అనుకోవడం మొదలుపెట్టింది. గేన్స్‌విల్‌కే తిరిగి వద్దాం. ఆంథనీ రిచర్డ్‌సన్ ఫ్లోరిడాలో 13 ఆటల్లో మాత్రమే మొదటి నుంచీ క్వార్టర్‌బ్యాక్‌గా దిగాడు. 100కు 54 పాస్‌లు కూడా చేరలేదు. పరుగు, ఎత్తు, చేతి బలం చూసి 2023లో ఇండియానాపొలిస్ నాలుగో స్థానంలో తీసుకుంది. మొదటి ఏడాది భుజం గాయం. 2024లో 47.7 శాతం. మధ్యలో కొన్ని ఆటలు పక్కన కూర్చోబెట్టారు కూడా.

ఒకరికి వంగింది, ఇద్దరికి వంగలేదు. జట్టు యజమానిని నేనైతే ఆ పందెం కాయను.

10. బఫెలో మంచు · ఆదివారం, మధ్యాహ్నం 3:45

పందెం కాయకపోతే ఏటా 8-8తోనే ఉంటాం. మా ఊరు 2000 నుంచి 2016 దాకా 17 సీజన్లు ప్లేఆఫ్ ముఖం చూడలేదు, అన్నీ జాగ్రత్తగా ఆలోచించి తీసుకున్న నిర్ణయాలే.

11. గేన్స్‌విల్ నాన్న · ఆదివారం, సాయంత్రం 6:30

ఇవాళ అమ్మాయికి ఫోన్ చేసి మీరు రాసినవన్నీ చదివి వినిపించాను. "నాలుగోవాడి సంగతి ఎవరూ చెప్పలేదా?" అంది. నాలుగోవాడెవరంటే క్యామ్ న్యూటన్.

నాకు ఒళ్లు జలదరించింది. 2007, 2008లో న్యూటన్ అదే ఫ్లోరిడాలో టీబో వెనక కూర్చున్న కుర్రవాడు. టీబో ఉండగా తన వంతు రాదు. అక్కడి నుంచి టెక్సస్‌లో బ్లిన్ అనే చిన్న జూనియర్ కాలేజీకి, ఆ తర్వాత ఆబర్న్‌కు వెళ్లాడు. 2010లో 14 ఆటలూ గెలిచి జాతీయ టైటిల్, హైస్మన్ రెండూ పట్టుకొచ్చాడు. 2011 డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పేరు అతనిదే. మొదటి సీజన్‌లోనే 4 వేల గజాలు దాటాడు. 2015లో లీగ్ మొత్తానికి అత్యంత విలువైన ఆటగాడు, సూపర్ బౌల్ దాకా వెళ్లాడు. అతని విగ్రహం ఆబర్న్‌లో ఉంది.

ఒకే శిబిరం, ఒకే కోచ్, ఒకే ఆట నేర్చుకున్న ఇద్దరు. ముందు నిలబడ్డవాడు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆగిపోయాడు, వెనక కూర్చున్నవాడు నిలిచాడు. రోజూ సాధనలో ఇద్దరినీ పక్కపక్కన చూసిన కోచ్‌లకు తెలిసి ఉండేదా?

12. సైడ్‌లైన్ · ఆదివారం, రాత్రి 8:00

తెలిసినా అక్కడ అది పనికిరాదు, నాన్న గారు. కాలేజీ కోచ్‌కు కావాల్సింది వచ్చే శనివారం గెలుపు. అందుకు టీబోకు మించినవాడు లేడు. 2008లో మిసిసిపి చేతిలో 31-30తో ఓడిన రోజు విలేకరుల ముందు కన్నీళ్లు ఆపుకుంటూ, ఇకపై మాకన్నా కష్టపడే జట్టును చూడరని మాట ఇచ్చాడు. ఆ సీజన్ మిగిలిన ఆటలన్నీ గెలిచి జాతీయ టైటిల్ తెచ్చారు. ఆ మాటలు చెక్కిన ఫలకం మీరు చూసిన స్టేడియం గోడ మీదే ఉంది, ఈసారి వెళ్లినప్పుడు చూడండి. ఆ గుణం నిజమైనదే. డెన్వర్‌లో ఆ ఆరు విజయాల్లో దాని పాలు ఉందనే నేను నమ్ముతాను. కాకపోతే ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆ గుణం ఉన్నవాళ్లు జట్టుకు పదిమంది ఉంటారు.

ఎక్కడ పడ్డారన్నది కూడా చూడాలి. పాట్రిక్ మహోమ్స్ టెక్సస్ టెక్‌లో ఆడింది పూర్తిగా కాలేజీ తరహా ఆటే. ఆ తరహా నుంచి వచ్చినవాళ్లు నిలవరని అప్పట్లో గట్టి నమ్మకం ఉండేది. 2017లో కాన్సస్ సిటీ తీసుకున్నాక ఏడాదంతా అలెక్స్ స్మిత్ వెనక కూర్చోబెట్టి, చివరి వారం ఒక్క ఆట ఇచ్చారు. మరుసటి ఏడాది 50 టచ్‌డౌన్ పాస్‌లు. తంతే బూర్లగంపలో పడ్డాడు, పడ్డచోట నేర్చుకున్నాడు కూడా. అదే మహోమ్స్ 2017లో ఓడిపోయే జట్టుకు వెళ్లి మొదటి వారమే మైదానంలోకి దిగి ఉంటే? నాకు నిజంగా భయమేస్తుంది ఆలోచిస్తే.

జిమ్ ప్లంకెట్‌ను చూడండి. 1970 హైస్మన్, 1971 డ్రాఫ్ట్‌లో మొదటివాడు. న్యూ ఇంగ్లండ్‌లో దెబ్బలు తిన్నాడు, శాన్ ఫ్రాన్సిస్కో వదిలేసింది. అందరూ అయిపోయాడనుకున్నాక రైడర్స్ జట్టుకు రెండు సూపర్ బౌల్‌లు గెలిపించాడు. శామ్ డార్నల్డ్‌ను 2018లో న్యూయార్క్ మూడో స్థానంలో తీసుకుంది, మూడేళ్లకు వదులుకుంది. 2024లో మిన్నెసోటాకు 14 ఆటలు గెలిచిపెట్టాడు. ఆ ఇద్దరి చేతులూ మొదటి రోజు నుంచీ అవే.

13. ఉప్పల్ ప్రేక్షకురాలు · సోమవారం, ఉదయం 5:50

ఆట మొదలవుతోంది, టీ పెట్టుకుని రాస్తున్నాను. సైడ్‌లైన్ గారి గీతల లెక్క చదివాక ఇవాళ మొదటిసారి ఆ చిన్న గీతలే చూస్తూ కూర్చున్నాను. టీవీలో ఇన్నాళ్లూ కళ్ల ముందే ఉన్నాయి!

మా నాన్న మాటలు గుర్తొచ్చాయి. లక్ష్మణ్ 1999-2000 రంజీ సీజన్‌లో 1,415 పరుగులు చేసినప్పుడు మా ఇంట్లో అందరూ సంబరపడితే, ఆయన మాత్రం "పరుగులు కావు చూడాల్సింది, ఆఫ్ స్టంప్ బయట బంతిని ఎంత ఆలస్యంగా ఆడుతున్నాడో చూడు" అన్నారట. మరుసటి ఏడాది ఈడెన్ గార్డెన్స్‌లో 281. స్కోరు కార్డు కన్నా ఆడే తీరులోనే పై స్థాయి ఆట కనబడుతుందని ఆయన నమ్మకం. ఫుట్‌బాల్‌లో ఆ "ఆలస్యంగా ఆడటం" లాంటిది "తిరగకముందే వేయడం" అని ఇప్పుడు అర్థమైంది.

14. ఫ్రిస్కో అమ్మ · సోమవారం, ఉదయం 9:15

ఈ చర్చ రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. మా అబ్బాయి పదో తరగతి. ఇక్కడ డల్లాస్ దగ్గర హైస్కూల్లో రెండో జట్టుకు క్వార్టర్‌బ్యాక్. టెక్సస్‌లో హైస్కూల్ ఫుట్‌బాల్ అంటే ఏమిటో మీకు తెలుసు. ఊరి దుకాణాలన్నీ శుక్రవారం సాయంత్రం ఆ రంగులే కట్టుకుంటాయి. మా అత్తగారు విజయవాడ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "బాబు ఇంకా ఆ కుమ్ముకునే ఆట ఆడుతున్నాడా" అని అడుగుతారు.

వాడు ఎన్‌ఎఫ్‌ఎల్ దాకా వెళ్తాడని నాకు ఆశ లేదు. కాలేజీ జట్టులో చోటు దొరికినా అదృష్టమే. కానీ కోచ్ ఈ మధ్య వాడికి పెట్టిన సాధన చూస్తుంటే సైడ్‌లైన్ గారి మాటలే వినిపించాయి. పెరట్లో మా చిన్నమ్మాయిని పరిగెత్తిస్తాడు. పది అడుగులు వెళ్లి చెట్టు దగ్గర టక్కున వెనక్కి తిరగాలి. అది తిరగకముందే వీడు బంతి వదలాలి. మొదటి వారం బంతి దాని భుజానికి తగిలింది, వీపుకు తగిలింది, ఒకసారి పక్కింటి కంచె దాటింది. అది తిరిగాక వేస్తే వాడు బాగా వేస్తాడు. తిరగకముందు వేయాలంటే చెయ్యి బిగుసుకుపోతుంది. "ఖాళీ చోటుకు ఎలా వేస్తానమ్మా, అక్కడ ఎవరూ లేరు కదా" అంటాడు.

మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఇది అలవాటుతో వస్తుందా, లేక పుట్టుకతో ఉండాలా?

15. సైడ్‌లైన్ · సోమవారం, మధ్యాహ్నం 12:30

అమ్మా, మీ అబ్బాయి అన్న మాట బంగారంలాంటిది. "అక్కడ ఎవరూ లేరు కదా" అన్నదే అసలు కష్టం. పదిహేనేళ్ల వయసులో ఆ కష్టాన్ని మాటల్లో చెప్పగలిగాడంటే వాడికి ఆట అర్థమవుతోంది.

అలవాటుతో వస్తుందని నేను చూశాను. బ్రాక్ పర్డీని చూపించండి వాడికి. ఐయోవా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడాడు. చేతి బలం మామూలు, ఎత్తు మామూలు. 2022 డ్రాఫ్ట్‌లో 262వ స్థానంలో, చిట్టచివరి పేరుగా తీసుకున్నారు. రెండో ఏడాదే శాన్ ఫ్రాన్సిస్కోను సూపర్ బౌల్‌కు తీసుకెళ్లాడు. అతని ఆట నెమ్మదిగా తిప్పి చూడండి. బంతి చేతిని వదిలేటప్పుడు రిసీవర్ ముఖం కాదు, వీపు మీది అంకె కనబడుతుంది.

ఒక చిన్న చిట్కా. పాప ముఖం వైపు చూడొద్దనండి. దాని కాళ్లు చూడమనండి. తిరగబోయేవాళ్లు ఒక అడుగు ముందే తుంటి కిందికి దించి వేగం తగ్గిస్తారు. బంతికి సమయం అదే.

16. లెక్కల మనిషి · సోమవారం, సాయంత్రం 5:10

పర్డీ దగ్గర నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. 2022లో అతని పేరు పక్కన నేను రాసుకున్నది "మూడో క్వార్టర్‌బ్యాక్, రెండేళ్లు" అని. నా లెక్కల్లో చెయ్యి వదిలే సమయానికి ఒక గడి లేదు. ఈ వేసవిలో కూర్చుని పదేళ్ల డ్రాఫ్ట్ క్వార్టర్‌బ్యాక్‌ల కాలేజీ ఆటలు మళ్లీ చూస్తాను, ఈసారి ఆ ఒక్కటే లెక్కపెడతాను. టీబోతో మొదలుపెడతాను, కొలరాడో కొండలు గారి కోసం.

17. కొలరాడో కొండలు · సోమవారం, రాత్రి 7:45

మీరు చూసేటప్పుడు పిట్స్‌బర్గ్ ఆట కూడా చూడండి. ఆ 80 గజాల పాస్‌లో బంతి చెయ్యి వదిలేటప్పటికి థామస్ మైదానానికి అడ్డంగా పరిగెడుతూ ఉన్నాడు, ఎదురుగా ఖాళీ ఉంది. అది ఖాళీ చూసి వేసిందో, ముందే తెలిసి వేసిందో చెప్పండి. ఏది తేలినా ఇక్కడే రాయండి. ఆ రాత్రి ఏడ్చిన మా అబ్బాయి ఇప్పుడు హైస్కూల్ వయసుకు వచ్చాడు, వాడితో కలిసి చదువుతాను.

18. ఫ్రిస్కో అమ్మ · గురువారం, రాత్రి 8:20

సైడ్‌లైన్ గారు, కాళ్లు చూడమన్నారని చెప్పాను. మొదటి రోజు ఇంకా చెడ్డగా వేశాడు. రెండో రోజు కాస్త మేలు. ఇవాళ సాయంత్రం గిన్నెలు కడుగుతూ కిటికీలోంచి చూస్తున్నాను. పాప చెట్టు దగ్గర ఇంకా అటువైపే ఉంది, బంతి బయల్దేరిపోయింది. నేను "అయ్యో" అనేలోపు అది తిరిగింది, బంతి రెండు చేతుల్లో పడింది. ఇద్దరూ ఒక నిమిషం ఏమీ మాట్లాడుకోలేదు. తర్వాత పాప బంతిని వాడికి విసిరేసి, చెప్పకుండానే మళ్లీ చెట్టు వైపు పరిగెత్తింది.